పల్లం వాళ్ళ కొండ ప్రయాణం

మా ప్రాంతంలో కొండ అన్నదే లేదు. గుడివాడ సముద్రమట్టానికి పది పన్నెండు మీటర్లు ఎత్తుంటే గొప్ప. బందరు అంతకన్న పల్లం. అవనిగడ్డ దాటి దివిసీమలో దిగువకు పోతే ఏటిగట్టే మాకు హిమాలయం. కాలవ వంతెనల దగ్గర తప్ప కారుకు ఎక్కడం, దిగడం అన్నవి తెలియవు. అటువంటి గడ్డన అరవయ్యేళ్ళు గడిపినవాణ్ణి, ఆల్ప్స్ కొండల్లో కారు యాత్రకు దారి గీస్తూ కూర్చున్నానంటే మీకు నవ్వు రావచ్చు. ఫరవాలేదు, మా వీధివాళ్ళు ముందే నవ్వారు.

మా అబ్బాయి మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. "జూలైలో అమ్మా, నువ్వూ రండి నాన్నా! పదిరోజులు సెలవు పెడతాను. దారి మాత్రం నువ్వే వెయ్యాలి" అన్నాడు. పింఛను పుచ్చుకొనేవాడికి ఇంతకన్న ఏం కావాలి? పటం పెద్దదిగా అచ్చు వేయించి తెచ్చి భోజనాల బల్ల మీద పరిచాను. ఆ రోజునుంచీ ఇంట్లో భోజనాలు నేలమీదే.

ముందు తెలిసిన సంగతులు చెబుతాను, ఎవరికైనా పనికివస్తాయి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండు మూడింటికీ షెంగెన్ వీసా ఒకటే చాలు. బండి నడపాలంటే మన రవాణా కార్యాలయంలో అంతర్జాతీయ పర్మిట్ తీసుకోవాలి; అది ఏడాదిపాటు చెల్లుతుంది. అక్కడ బండి కుడిచేతివైపు నడుస్తుంది. ఆస్ట్రియా, స్విట్జర్లాండు పెద్ద రోడ్లెక్కాలంటే ముందుగానే 'విన్యెట్' కొనాలి. ఆస్ట్రియావాళ్ళు పదిరోజులకూ అమ్ముతారు. స్విస్‌వాళ్ళ దగ్గర ఆ బేరం లేదు. ఒక్కరోజు తిరిగినా ఏడాది డబ్బు కట్టవలసిందే.

ఇక రోడ్ల వైభవం చూడండి. ఆస్ట్రియాలో 1935లో తెరిచిన గ్రోస్‌గ్లోక్నర్ రోడ్డు పొడవు 48 కిలోమీటర్లు. గుడివాడనుంచి బందరుకన్న కాస్త ఎక్కువ. ఆ కాస్త దూరంలో 36 హెయిర్‌పిన్ మలుపులు, 2,504 మీటర్ల ఎత్తు! ఇటలీలో ఉన్నా జర్మన్ మాట్లాడే దక్షిణ టిరోల్‌లో స్టెల్వియో కనుమ ఉంది. దానికి ప్రాద్ ఊరివైపునుంచి 48 మలుపులు. అది చదివి రెండు రాత్రులు నిద్రలో కూడా స్టీరింగు తిప్పాను. స్విట్జర్లాండులో కాండర్‌స్టెగ్ దగ్గర మరో వింత. కారును రైలుమీదికి ఎక్కించి, మనం కారులోనే కూర్చుని ఉండగా, కొండ అడుగున సొరంగంలోంచి అవతలికి దాటిస్తారు. ఏటిమొగ దగ్గర పంటుమీద మోటారు సైకిళ్ళు ఎక్కించి ఎదురుమొండి చేర్చినట్లే. కాకపోతే వాళ్ళకు అడ్డం కొండ, మనకు అడ్డం కృష్ణ.

ఇంత హడావిడి జరుగుతున్నా మా ఆవిడ పటంవైపు తొంగిచూడలేదు. ఒకనాడు మినపప్పు ఏరుతూ, "ఏమండీ, అంత ఎత్తుకి నీళ్ళు రావుగా?" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆమె పుట్టిల్లు కోడూరు దాపున. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడేనాటికి ఆమెకు ఎనిమిదేళ్ళు. అయిదారు మీటర్ల నీటిగోడ వచ్చింది. పోయినవారు సర్కారు లెక్కకే దరిదాపు పదివేలమంది. మా మామగారు ఆమెను భుజాన వేసుకొని తాటిచెట్టు పట్టుకున్నారు. వాళ్ళమ్మా, చంటి తమ్ముడూ దొరకలేదు. తుఫాను హెచ్చరిక ఎవరికి అందిందో గాని, వాళ్ళ పల్లెకు అందలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నోట ఆ సంగతి నేను విన్నది రెండుసార్లే.

'రావు' అనేస్తే సరిపోయేది. కాని కాండర్‌స్టెగ్ సొరంగానికి అవతల వచ్చే లోషెన్‌టాల్ లోయను గురించి నేను అప్పటికే చదివి ఉన్నాను. ఆ లోయలో బ్లాటెన్ అని ఒక చిన్న ఊరు. 2025 మే 28న పైనున్న హిమానీనదం, కొండచరియతో సహా విరిగి ఊరిమీద పడింది. ఊరు దాదాపు మొత్తం పూడిపోయింది. ఆ మట్టి లోన్‌జా ఏటికి అడ్డంపడి, మిగిలిన ఇళ్ళలోకి నీళ్ళు ఎక్కాయి. అంత కొండమీదా నీళ్ళు వచ్చాయి! ఉన్నదున్నట్లు చెప్పాను. ఇక ప్రయాణం మానేస్తుందనే అనుకున్నాను.

"జనం?" అంది.

"కొండ కదులుతున్నదని కనిపెట్టి తొమ్మిది రోజుల ముందే ఊరు ఖాళీ చేయించారు. మూడువందల మంది. గొడ్లను కూడా దించారు. లోయలో ఒక్కరు మాత్రం పోయారు."

చేట పక్కన పెట్టింది. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత బల్లదగ్గరికి వచ్చి, "ఏదీ, ఎక్కడా ఊరు?" అని వేలు పెట్టి చూపించమంది. చూపించాను. "ముందే చెప్పారన్నమాట! చెబితే జనం కదిలారన్నమాట!" అని తనలో తాను అనుకొంది. ఆ పైన, "ఇక్కడికి తీసుకువెళ్ళండి. దారి ఎంతవరకు వదిలితే అంతవరకే వెడదాం. నాకా కొండలూ, మలుపులూ అక్కర్లేదు" అంది.

పథకమంతా తిరిగి రాశాను. స్టెల్వియో పోయింది, దానితో నా 48 మలుపులూ పోయాయి. గ్రోస్‌గ్లోక్నర్ మాత్రం నా ముచ్చటకు ఉండనిచ్చింది. లోషెన్‌టాల్‌కు రెండురోజులు కేటాయించాం. అబ్బాయికి చెబితే, "అమ్మ అడిగిందా?" అని ఒకటికి రెండుసార్లు అడిగి, బస చూస్తానన్నాడు.

జూలైలో వీలుకాకపోతే అక్టోబరులో వెడదామని నేనంటే ఆమె ససేమిరా అంది. నవంబరు వచ్చేసరికి ఎత్తయిన కనుమల్లో మంచు పడి రోడ్లు మూసేస్తారు. ఆమె కారణం అది కాదు. ఏటేటా నవంబరు 19న మేము కోడూరు మీదుగా హంసలదీవి వెళ్ళి, కృష్ణ సముద్రంలో కలిసేచోట రెండు దోసిళ్ళ పూలు విడిచి వస్తాం. ఆ వేళకు ఇంట్లో ఉండాలని ఆమె షరతు. టిక్కెట్లు జూలైకే తీసుకున్నాను.