వాయించిందొకటి, వినిపించిందొకటి

మన సభ్యుల ఇళ్ళలో వీణ కంటె గిటారు ఎక్కువగా కనపడే రోజులివి. పిల్లలు దాన్ని కంప్యూటరుకు తగిలించి, ఒక వరుస వాయించి, ఆ వరుసనే సాఫ్ట్‌వేర్ చేత మళ్ళీ మళ్ళీ పలికిస్తూ, దానిమీద ఇంకొకటి, దానిమీద మరొకటి పేర్చుకుంటూ పోతారు. దీన్నే లైవ్ లూపింగ్ అంటారు. పక్కవాద్యం కావాలంటే నలభై మైళ్ళు కారులో వెళ్ళవలసిన మనబోటివాళ్ళకు ఇది వరమే. చిక్కల్లా ఒక్కటే. వాయిస్తున్నప్పుడు ఒక గొంతు, లూపుగా తిరిగి వచ్చేసరికి మరొక గొంతు. శబ్దమైనా తగ్గుతుంది, నాదమైనా మారుతుంది, ఒక్కొక్కప్పుడు రెండూ జరుగుతాయి.

మా ఇంట్లో ఈ చిక్కు ఉగాదికి మూడు వారాల ముందు వచ్చింది. పిల్లల నాయనమ్మ అన్నమయ్య కీర్తన పాడాలి. మా అబ్బాయి షడ్జమ పంచమాలు లూపు చేసి తంబురాలాగా నిలబెట్టి, పైన గిటారు వాయించాలి. ఉగాది వెళ్ళిన నాలుగోనాడు ఆవిడకు ఇండియా ప్రయాణం. ఈ వయసులో మళ్ళీ ఇంత దూరం వస్తారన్న ఆశ మాకూ లేదు, ఆవిడకూ లేదు.

“ఇది నేను వాయించింది కాదు” అంటాడు వాడు. కొత్త పెట్టె కొంటే గాని లాభం లేదంటాడు, లేకపోతే స్టేజీ ఎక్కనంటాడు. ఆవిడ మాత్రం కళ్ళు మూసుకుని విని, “ఒరే నాన్నా, నువ్వు వాయిస్తున్నంతసేపూ షడ్జమం పీలగా ఉంటోంది. చెయ్యి తీశాక షడ్జమం నిలబడుతోంది గానీ మొత్తం గొంతు తగ్గిపోతోంది. నేను దేన్ని పట్టుకుని పాడను?” అన్నారు. ఆ తరువాత మేము మీటర్లతో కనిపెట్టినదంతా ఈ మాటల్లోనే ఉంది.

టేపుల కాలంలో నాదం మారడం సహజమే. రాబర్ట్ ఫ్రిప్, బ్రయన్ ఈనో రెండు టేపురికార్డర్ల మధ్య టేపు తిప్పుతూ చేసిన రికార్డు 1973లో వచ్చింది. టేపు మీద ఒక్కొక్క నకలుకూ పదును కొంత పోతుంది, హిస్సు కొంత చేరుతుంది. కంప్యూటరు అంకెలను నకలు తీస్తే ఏమీ పోదు. కాబట్టి లూపు గొంతు మారిందంటే దారిలో ఎవరో చెయ్యి పెడుతున్నారన్నమాట. వారెవరో పట్టుకోవడమే మన పని.

మొదటి పరీక్షకు ఖర్చేమీ లేదు. వాయిస్తున్నప్పుడు సాఫ్ట్‌వేర్‌లో మీటరు ఎక్కడిదాకా లేస్తోందో చూడండి. అదే వరుస లూపుగా తిరిగేటప్పుడూ చూడండి. మీటరు రెండుసార్లూ ఒకే చోట ఉండి చెవికి మాత్రం తేడా తెలిస్తే దొంగ సాఫ్ట్‌వేర్ బయట ఉన్నాడు. మీటరే మారితే లోపల ఉన్నాడు.

మా ఇంట్లో మీటరు కదలలేదు. ఆడియో ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటరింగ్ అని ఒక ఏర్పాటు ఉంటుంది. గిటారు శబ్దాన్ని కంప్యూటరు దాకా పంపకుండా నేరుగా స్పీకరుకు ఇచ్చేస్తుంది. అదే శబ్దం కంప్యూటరులోకి వెళ్ళి, మా దగ్గర 8 మిల్లీసెకన్లు ఆలస్యంగా రెండోసారి వస్తోంది. అంటే వాయించేటప్పుడు రెండు గిటార్లు, లూపులో ఒక్కటే. ఈ రెండు శబ్దాలూ కలిసినచోట 6 డెసిబెల్ల దాకా పెరుగుతాయి, ఎదురుపడినచోట ఒకదాన్నొకటి తినేస్తాయి. 8 మిల్లీసెకన్ల ఆలస్యానికి అలా తినేసే చోట్లలో ఒకటి 187 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. ఆవిడ పాడేది నాలుగున్నర శ్రుతి, అందులో షడ్జమం 185 హెర్ట్జ్. పంచమం 277 దగ్గర ఉంటుంది కనక దానికి బలమే చేకూరింది. పెద్దావిడ చెవి చెప్పినట్టే షడ్జమం పీలగా ఉన్నది నిజం!

మందు చిన్నదే. నేరు దారి మూసేసి కంప్యూటరు శబ్దమే వినడం. 8 మిల్లీసెకన్లంటే తొమ్మిది అడుగుల అవతల ఉన్న స్పీకరు వింటున్నట్టు, వేళ్ళకు త్వరలోనే అలవాటవుతుంది. ఇంకా ఇబ్బందిగా ఉంటే బఫర్ సైజు తగ్గించుకోవచ్చు. మరీ తగ్గిస్తే చిటపటలు మొదలవుతాయి.

మీ ఇంట్లో మీటరే మారుతుంటే చూడవలసినవి నాలుగు. ఒకటి, లూపర్‌లో ఫీడ్‌బ్యాక్ మీట. ప్రతి చుట్టుకూ పాత శబ్దంలో ఎంత శాతం మిగలాలో అది చెబుతుంది. 90 దగ్గర ఉంటే పది చుట్లలో 9 డెసిబెల్లు కరిగిపోతుంది. 100 దగ్గర పెట్టండి. రెండు, చివరన కూర్చునే లిమిటర్. సమాన బలమున్న రెండు వేర్వేరు వరుసలు కలిస్తే సుమారు 3 డెసిబెల్లు పెరుగుతుంది, నాలుగైతే 6. పైకప్పు తగలగానే లిమిటర్ అన్నిటినీ కిందికి నొక్కుతుంది, గిటారు గట్టిగా మీటినప్పుడల్లా శ్రుతి మునిగి తేలుతుంది. అందుకని మొదటి వరుసనే తగ్గించి ఎక్కించాలి. మూడు, ఓవర్‌డ్రైవ్ ఎక్కడుందన్నది. ఏ కూరకా కూర తాలింపు వేసి వడ్డించడం వేరు, అన్నీ ఒకే గిన్నెలో పోసి తాలింపు వెయ్యడం వేరు. లూపరు ఓవర్‌డ్రైవ్‌కు ముందుంటే ప్రతి కొత్త వరుసతోనూ నాదం ముద్దగా మారుతుంది, తరువాత ఉంటే దేని రుచి దానిదే. నాలుగు, రికార్డయ్యాక వేగం మార్చడం. సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని సాగదీసి సర్దుతుంది, గరుకుదనం వస్తుంది.

శ్రుతే మారితే మాత్రం శాంపిల్ రేటు చూడాలి. 44,100తో రికార్డయినదాన్ని 48,000తో నడిపిస్తే దాదాపు ఒకటిన్నర మెట్టు పైకి పోతుంది.

ఒక హెచ్చరిక. నాదం మారిందని తీర్పు చెప్పేముందు రెండు శబ్దాలూ సమానం చేసుకోండి. శబ్దం తగ్గితే మన చెవికి మంద్రం ఇంకా ఎక్కువ తగ్గినట్టు తోస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు ఈ సంగతి 1933లోనే కొలిచి చూపించారు. చాలా ఇళ్ళలో నాదం మీద వచ్చే తగాదా నిజానికి వాల్యూము మీద తగాదాయే.

కొత్త పెట్టె కొనలేదు. ఉగాదినాడు నాయనమ్మా మనవడూ హాలులో కూర్చున్నారు. లూపు తిరగడం మొదలుపెట్టింది. ఆవిడ రెండు చుట్లు ఊరికే విన్నారు. తరువాత వాడివైపు చూసి తల ఊపి, షడ్జమం అందుకున్నారు. ఆ రోజు నుంచి మా అబ్బాయి ఏ లూపు ఎక్కించినా మొదట మీటరు చూస్తాడు, తరువాత కళ్ళు మూసుకుని వింటాడు. ఈ రెండో పని వాడికి మేమెవరం నేర్పలేదు.