పక్క సందులో 2,500 ఏళ్ల గుడి

సిసిలీ అనగానే మనలో చాలామందికి ‘గాడ్‌ఫాదర్’ గుర్తొస్తుంది. నేను మాత్రం ఆ దీవికి ఒక గోడ చూడ్డానికి వెళ్లాను. అక్కడి సిరక్యూజ్ ఊళ్లో ఒక పెద్ద చర్చి ఉంది. దాని గోడలోంచి గ్రీకు గుడి స్తంభాలు బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. ఫొటోలు చూసినా నాకు నమ్మబుద్ధి కాలేదు.

సిరక్యూజ్ మీకు కొత్తేమీ కాదు. స్కూల్లో ‘యురేకా’ కథ విన్నారుగా? ఆ ఆర్కిమెడిస్‌ది ఈ ఊరే. పాత పట్నం ఒర్టీజియా అనే చిన్న దీవి మీద ఉంటుంది. సిసిలీకీ దీనికీ మధ్య చిన్న వంతెనలు. అవి దాటితే చాలు, సన్నటి సందులు మొదలవుతాయి.

అందరూ ఆగేది ఇక్కడే

ఆ సందుల్లో నడుస్తూ నడుస్తూ ఉంటే ఒక్కసారిగా ఆకాశం తెరుచుకుంటుంది. అదే పియాట్సా డుయోమో. కింద పరిచిన రాయి తెలుపు, చుట్టూ భవనాలు తెలుపు. ఎండలో కళ్లజోడు లేకపోతే కష్టమే. మోనికా బెలూచీ ‘మలేనా’ చూసినవాళ్లు ఈ చోటుని ఇట్టే గుర్తుపడతారు.

ఇక్కడే కెథడ్రల్ ముఖద్వారం. 1693లో వచ్చిన భూకంపానికి పాత ముందుభాగం కూలిపోయింది. తర్వాత 18వ శతాబ్దంలో ఆండ్రియా పాల్మా డిజైన్‌తో ఇప్పుడున్నది కట్టారు. జంట స్తంభాలు, మెలికలు, విగ్రహాలు... పండక్కి ముస్తాబైన పెళ్లికూతురిలా ఉంటుంది. నేనున్న పది నిమిషాల్లో ఎన్ని సెల్ఫీలు పడ్డాయో లెక్కలేదు. చాలామంది ఫొటో తీసుకుని, పక్కనే ఉన్న జెలాటో షాపులోకి వెళ్లిపోయారు.

అసలు కథ మాత్రం ఎడమ పక్క సందులో ఉంది.

గోడలో ఇరుక్కున్న స్తంభాలు

ఆ సందు పేరు వియా మినర్వా. రోమన్లు ఎథీనా దేవతను మినర్వా అంటారు. అంటే దేవత పేరు వీధికి ఇంకా మిగిలే ఉందన్నమాట. తలెత్తి చూస్తే, చర్చి గోడలో వరసగా భారీ రాతి స్తంభాలు. సగం లోపల, సగం బయట. ఇవి డోరిక్ స్తంభాలు. కింద పీఠం ఉండదు, నేరుగా నేల మీద నుంచే లేస్తాయి. ఒంటి నిండా నిలువు గాడులు. ఒక గాడిలో చెయ్యి పెట్టి చూశాను. ఉప్పుగాలికి రాయి గరుగ్గా తయారైంది.

క్రీస్తుపూర్వం 480లో హిమెరా యుద్ధంలో కార్తేజ్ సైన్యాన్ని ఓడించాక, ఇక్కడి పాలకుడు గెలాన్ ఎథీనాకు ఈ గుడి కట్టించాడు. ముందు 6, పక్కన 14 చొప్పున చుట్టూ స్తంభాలు. గుడి పైన మెరిసే బంగారు డాలు సముద్రంలో వెళ్లే నావికులకు కనిపించేదట. ఆర్కిమెడిస్ పుట్టేనాటికే దీనికి దాదాపు రెండొందల ఏళ్లు. ఆయన ఈ స్తంభాల పక్కనుంచి ఎన్నిసార్లు నడిచి ఉంటాడో!

లోపలిది బయటికి, బయటిది లోపలికి

7వ శతాబ్దంలో గుడి చర్చిగా మారింది. ఎలా మార్చారన్నదే నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. గ్రీకు గుడికి బయట చుట్టూ తెరిచి ఉన్న స్తంభాల వరస, మధ్యలో నాలుగు గోడల గర్భగుడి ఉంటాయి. పూజలు ఎక్కువగా ఆరుబయటే కాబట్టి లోపల జనం పట్టాల్సిన పని లేదు. చర్చికి అలా కుదరదు. జనమంతా లోపలే కూర్చోవాలి.

అందుకని ఆ మేస్త్రీలు రెండు పనులు చేశారు. బయటి స్తంభాల మధ్య ఖాళీలను రాయితో మూసేశారు. లోపలి గర్భగుడి గోడలను తొలిచి కమానులు తీశారు. అంతే! బయటి వరండా చర్చి పక్క నడవలయింది. గర్భగుడి ప్రార్థన హాలయింది. తెరిచినది మూశారు, మూసినది తెరిచారు. ఉన్న భవనాన్నే చొక్కా తిరగేసినట్టు తిరగేశారు.

లోపల నిలబడితే ఇది స్పష్టంగా అర్థమవుతుంది. పక్క నడవలో ఓ పెద్దావిడ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. ఆమె వెనక ఎథీనా స్తంభం. ఆమెకు అందులో వింతేమీ లేదు.

878లో అరబ్బులు ఊరిని గెలిచాక ఇది మసీదుగా ఉండేదంటారు. తర్వాత నార్మన్లు వచ్చి మళ్లీ చర్చి చేశారు. రాజ్యాలు మారాయి, భాషలు మారాయి, భూకంపాలొచ్చాయి. స్తంభాలు నిలబడ్డాయి. ఎవరో మ్యూజియంలో పెట్టి దాచారని కాదు, వచ్చిన ప్రతివాళ్లకూ పనికొచ్చాయని.

దోచినవాళ్లూ ఉన్నారు. క్రీస్తుపూర్వం 212లో ఊరిని గెలిచిన రోమన్ సేనాని మార్సెల్లస్ కూడా ఈ గుడి జోలికి పోలేదు. తర్వాత గవర్నర్‌గా వచ్చిన వెర్రెస్ మాత్రం గోడల మీది చిత్రాలనూ, తలుపుల మీది బంగారం, దంతపు పనినీ ఊడబీక్కుపోయాడు. అతని మీద కేసు వాదించిన సిసిరో ఈ సంగతంతా రాసిపెట్టాడు. యుద్ధంలో పోనిది, శాంతికాలంలో అధికారి చేతుల్లో పోయింది!

ఎవరి గతాన్ని చూపించాలి?

20వ శతాబ్దం మొదట్లో జరిగిన మరమ్మతుల్లో లోపలి బరోక్ అలంకారాలను చాలావరకు తీసేశారు, పాత రాయి కనబడాలని. నాలాంటివాళ్లకు అది వరమే. కానీ ఆ అలంకారాలు కూడా ఎవరో భక్తితో చేయించినవే కదా? 1693 తర్వాత శిథిలాల్లోంచి ఊరిని మళ్లీ కట్టుకున్న తరాల గుర్తులవి. పాతదాన్ని చూపించడానికి దానికంటే కొంచెం తక్కువ పాతదాన్ని చెరిపేయడం న్యాయమేనా? 7వ శతాబ్దపు మేస్త్రీలు దేన్నీ చరిత్ర కోసం కాపాడలేదు, అయినా చాలా మిగిల్చారు. చరిత్ర కోసం పనిచేసినవాళ్లు కొంత పోగొట్టారు. ఈ ముడి నాకింకా విడలేదు.

వెళ్లాలనుకుంటే...

దగ్గర్లోని విమానాశ్రయం కటానియా. అక్కడి నుంచి బస్సులో గంటన్నర లోపే. డిసెంబర్ 13న వెళ్తే ఊరి రక్షకురాలు సెయింట్ లూసియా వెండి విగ్రహం ఊరేగింపు చూడొచ్చు. లోపలికి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలతో వెళ్లండి. ప్రార్థన జరుగుతుంటే ఫోన్ జేబులో ఉంచండి.

ముందు వైపు సెల్ఫీ ఒక్కటి చాలు. మిగతా సమయం ఎడమ పక్క సందుకివ్వండి. సాయంత్రం ఎండ తగ్గాక, జనం పల్చబడ్డాక వెళ్తే ఆ స్తంభాలను తీరిగ్గా చూడొచ్చు.