రొద వెనుక తెలుగు మాట

కారు ఇంజనులోని ప్రతి స్పార్క్ ప్లగ్గూ ఒక చిన్న ప్రసార కేంద్రమే. దాని నిప్పురవ్వ వెదజల్లే తరంగాలు రేడియోలో టకటకమని వినబడతాయి. ఇంజను వేగంతోపాటు హెచ్చే కూత డైనమోది.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంనుండి తెలుగువారు స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో, 1982లో, ఈ రొద మాకు స్వల్ప విషయం కాదు. వర్క్‌షాపునుండి పదవీ విరమణ చేసిన మా నాన్నగారికి, రాత్రివేళ అయనావరణాన్ని తాకి మరలివచ్చే విజయవాడ కేంద్రపు సన్నని స్వరమే స్వగ్రామం.

ఒక ఆదివారం ప్లగ్గు తీగలకు రెసిస్టర్లు, డైనమోకు కండెన్సరు అమర్చాము. ఏరియల్ మొదట తుప్పు గీకి, బాడీకి గట్టిగా బిగించాము.

ఆ రాత్రి ఇంజను నడుస్తుండగానే తెలుగు మాట స్పష్టంగా వినవచ్చింది. ఇల్లు సమీపించింది. నాన్నగారు, "ఆపకు నాయనా, ఇంకొంత దూరం పోనీ" అన్నారు.