ఎంప్లాయ్‌మెంట్ కార్డు నుంచి ఓటీపీ దాకా

డిగ్రీ చేతికి రాగానే జిల్లా ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజ్ ముందు క్యూ కట్టడం ఒక తరానికి దాదాపు ఆచారం. చంకలో సర్టిఫికెట్ల జిరాక్సులు, చేతిలో కార్డు, దాని మీద రిజిస్ట్రేషన్ నంబరు, రెన్యువల్ తేదీలు. మూడేళ్లకోసారి వెళ్లి స్టాంపు వేయించుకోకపోతే సీనియారిటీ గోవిందా! కాల్ లెటర్ కోసం ఎదురుచూస్తూనే పెళ్లిళ్లయి, పిల్లలు పుట్టినవాళ్లున్నారు.

1945లో, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు పని చూపడానికి మొదలైన ఏర్పాటిది. 1959 చట్టం సంస్థలను తమ ఖాళీలు ఎక్స్‌ఛేంజ్‌కి తెలియజేయమంది గానీ, ఎక్స్‌ఛేంజ్ పంపినవాళ్లనే తీసుకోమని అనలేదు. అయినా ఆచరణలో బిగిసిన ఎక్స్‌ఛేంజ్ పట్టును 1996లో సడలించిన సుప్రీంకోర్టు తీర్పు మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ కేసులోనిదే. ఎక్స్‌ఛేంజ్ పంపిన పేర్లతో సరిపెట్టకుండా పత్రికల్లో కూడా ప్రకటించి, దరఖాస్తు చేసినవాళ్లందరినీ పరిశీలించమంది కోర్టు. కార్డు కళ తప్పింది అప్పుడే.

2015లో ఆన్‌లైన్‌లోనే పేరు నమోదు చేసుకునే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ వచ్చింది. తెలంగాణకు విడిగా ‘డీట్’ అనే డిజిటల్ ఎక్స్‌ఛేంజ్ ఉంది.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ఎక్స్‌ఛేంజ్ స్థానంలో ‘కెరీర్ సెంటర్’ను తెచ్చింది. పాత చట్టంలో ప్రైవేటు సంస్థలైతే కనీసం పాతికమంది పనిచేస్తుంటేనే ఖాళీలు చెప్పాల్సి ఉండేది. ఇప్పుడు ఇరవై మంది ఉన్నా చెప్పాల్సిందే. అక్కణ్నుంచే తీసుకోవాలన్న నిర్బంధం మాత్రం ఇప్పుడూ లేదు. ఓటీపీ కొట్టి రిజిస్టరైన కుర్రాడికి క్యూ తప్పింది, అమీర్‌పేటలో కోచింగ్ ఫీజు ఇంకా కడుతూనే ఉన్నాడు.