కారుపై సన్నని గీతలు: ఇంటివద్ద మెరుగు, ఆరోగ్య జాగ్రత్తలు

పదవీ విరమణ తరువాత నేను స్వయంగా చేసికొనే పనులలో కారు సంరక్షణ ఒకటి. మా కారు ముదురు నీలిరంగుది, వయస్సు పదకొండేళ్ళు. ఎండలో చూస్తే బానెట్టుపై సూర్యుని ప్రతిబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్లు సన్నని గీతలు కనిపించేవి. గత శీతాకాలంలో రెండు ఉదయాలు వెచ్చించి వాటిని చాలావరకు తొలగించాను. ఎలా చేశారని ఇరుగుపొరుగువారు అడుగుతున్నారు. పద్ధతితో పాటు చెప్పవలసిన ఆరోగ్య విషయాలు కూడ ఉండడం వలన ఇక్కడ వ్రాస్తున్నాను.

గీతలు ఎక్కడ ఉంటాయి?

కారు రేకుపై రంగు ఒకే పొరగా ఉండదు. తుప్పు పట్టకుండా అడుగు పొరలు, వాటిపై రంగు పొర, అన్నిటికీ పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటాయి. చాలా కార్లలో ఈ పైపొర మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కారుకు నిగనిగలనిచ్చే పొర వెంట్రుక కంటె పలుచన అన్నమాట. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడేది కూడ ఈ పొరే.

దుమ్ములోని ఇసుక రేణువులు ఈ పొర కంటె గట్టివి. పొడిగుడ్డతో దుమ్ము తుడిచినప్పుడల్లా అవి పొరను గీకుతాయి. ఒక బకెట్టు నీళ్ళు, ఒక పాతగుడ్డతో కారంతా తుడిచినా జరిగేది అదే. గీతలు నిజానికి అన్ని దిక్కులకూ ఉంటాయి. కాంతికి అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరవడం వలన అవి వలయాలుగా కనిపిస్తాయి.

ఈ గీత మానదు

చర్మం పైపైన గీసుకుపోతే బాహ్యచర్మపు అడుగున ఉన్న కణాలు విభజన చెంది ఆ లోటును భర్తీ చేస్తాయి. గాయం లేకపోయినా బాహ్యచర్మం సుమారు నాలుగు వారాలకొకసారి కొత్తదవుతూనే ఉంటుంది. రంగుపొరలో జీవకణాలు లేవు. పాలిష్ గీతను పూడ్చదు. గీత అడుగు మట్టం వరకు చుట్టూ ఉన్న పొరను అరగదీస్తుంది. మెరుగు పెట్టిన ప్రతిసారీ క్లియర్ కోట్ కొంత తరిగిపోతుంది, తరిగినది తిరిగి రాదు. అది పూర్తిగా అరిగిన చోట రంగు వెలిసిపోతుంది. అప్పుడు మళ్ళీ రంగు వేయించడం తప్ప మార్గం లేదు.

అందువలన తీయవలసినదానికంటె ఎక్కువ తీయకూడదు. శస్త్రచికిత్సలో మాకు నేర్పిన మొదటి పాఠాలలో ఇది ఒకటి. గోటిని గీతకు అడ్డంగా నడపండి. గోరు తట్టుకుంటే ఆ గీత లోతైనది, దానిని ఇంటి మెరుగుతో తీయబోకండి. గోరు తట్టుకోకుండా, నీళ్ళు చల్లినప్పుడు గీత మాయమయితే అది మెరుగుకు లొంగుతుంది. పళ్ళపొడులు, టూత్ పేస్టులు వాడమని చెప్పేవారున్నారు. వాటిలో ఉండే గరుకు పదార్థాలు పళ్ళకోసం తయారుచేసినవి, వాటితో పొర ఎంత అరుగుతుందో ఊహించలేము. ఇక కొన్ని పాలిష్‌లలోని నూనెలు గీతలను తాత్కాలికంగా కప్పుతాయి. రెండు మూడు సార్లు కడిగేసరికి గీతలు మళ్ళీ బయటపడతాయి.

చేసే విధానం

నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు పని మొదలుపెట్టండి. ముందు నీళ్ళతో దుమ్మును పోగొట్టి, ఒక బకెట్టులో కారు షాంపూ, మరొకదానిలో గుడ్డ జాడించడానికి వట్టినీళ్ళు పెట్టుకొని కడగండి. మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది ఆరబెట్టండి. రేకు అంచులకు, ప్లాస్టిక్ భాగాలకు అతికించి తీసే కాగితపు టేపు వేయండి. అంచుల వద్ద పొర పలుచగా ఉంటుంది.

అన్నిటికంటె నునుపైన పాలిష్‌తో, మెత్తని స్పాంజితో అడుగు చదరంలో పరీక్షించి చూడండి. ఫలితం చాలినట్లుంటే అంతకంటె గరుకుది వాడకండి. చేతితో చేస్తే శ్రమ ఎక్కువ, తేలిక గీతలే తగ్గుతాయి. యంత్రం వాడదలిస్తే డ్యూయల్ యాక్షన్ పాలిషర్ మేలు. గుండ్రంగా మాత్రమే తిరిగే యంత్రం ఒకేచోట వేడి పుట్టించి పొరను కాల్చగలదు. మెరుపులేని మ్యాట్ రంగు కార్లకు ఈ పని పనికిరాదు. చివరకు మైనపు పూత పూయండి.

చర్మము, ఊపిరితిత్తులు

చాలా పాలిష్‌లలో పెట్రోలియం ద్రావకాలు ఉంటాయి. నైట్రైల్ తొడుగులు ధరించండి. పని ముగిశాక చేతులను పెట్రోలుతోనో థిన్నరుతోనో తుడుచుకోవడం మన మెకానిక్కులలో సామాన్యం. అవి చర్మంలోని సహజమైన చమురును తీసివేసి, పగుళ్ళు, దురద, చర్మతాపం కలిగిస్తాయి. సబ్బు, నీళ్ళు చాలు.

ఎండిన పాలిష్ పొడి కళ్ళలోకి, ముక్కులోకి పోకుండా కళ్ళద్దాలు, మాస్కు పెట్టుకోండి. తలుపులు మూసిన గదిలో పని చేయకండి. లోతైన గీతలకని గట్టిదనపు ద్రవం కలిపి పిచికారీ చేసే క్లియర్ కోట్‌లలో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఉబ్బసం కలుగజేయగలవు, మామూలు మాస్కు వాటిని ఆపదు. ఆ పనిని తగిన సదుపాయాలున్న వర్క్‌షాపుకు వదలిపెట్టండి.

నా వయస్సువారు క్రింది భాగాలకు నడుము వంచకుండా చిన్న స్టూలుపై కూర్చొని చేయండి. అరగంటకొకసారి లేచి నడవండి. ఛాతీలో నొప్పి గాని ఆయాసం గాని కలిగితే పని ఆపి వైద్యుని సంప్రదించండి.

సీసాల విషయం

ఈ వ్యాసంలో ఒక్క విషయమే జ్ఞాపకం ఉంచుకోదలిస్తే దీనిని ఉంచుకోండి. ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన కాలంలో కిరోసిన్, థిన్నర్, టర్పెంటైన్ త్రాగిన పసిపిల్లలను ఎందరినో చూశాను. ఎక్కువమంది ఇళ్ళలో ఆ ద్రవం పోసి ఉంచినది శీతలపానీయపు సీసాలోనే. దాహం వేసిన మూడేళ్ళ బిడ్డకు సీసా ఆకారమే తెలుస్తుంది. ఇటువంటి పలుచని ద్రవాలు కడుపులో కంటె ఊపిరితిత్తులలో ఎక్కువ హాని చేస్తాయి. మ్రింగేటప్పుడు, మరీ ముఖ్యంగా వాంతి అయినప్పుడు, కొద్దిపాటి ద్రవం శ్వాసనాళాలలోకి జారినా ఊపిరితిత్తులలో తీవ్రమైన తాపం కలుగుతుంది. ఉప్పునీళ్ళు పట్టించి వాంతి చేయించి తీసుకువచ్చిన తల్లిదండ్రులు మేలు చేస్తున్నామనే అనుకున్నారు. ఆ బిడ్డలలో కొందరు దక్కలేదు.

అటువంటి ప్రమాదం జరిగితే వాంతి చేయించకండి. పాలు గాని నీళ్ళు గాని బలవంతంగా పట్టకండి. తడిసిన బట్టలు మార్చి, చర్మాన్ని సబ్బునీళ్ళతో కడిగి, సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. 108కి పిలవండి. బిడ్డ అప్పటికి హుషారుగా ఉన్నా వెళ్ళండి. దగ్గు, ఆయాసం కొన్ని గంటల తరువాత మొదలు కావచ్చును.

పాలిష్, థిన్నర్ వంటివాటిని కొన్న డబ్బాలోనే ఉంచి, పని కాగానే బిగించి, తాళం వేసిన అలమరలో పెట్టండి. పని మధ్యలో ఫోను మ్రోగితే డబ్బాను వెంట తీసుకొనే లోపలికి వెళ్ళండి.