ఏటిగట్టు మీద ఆఫీసు

ఇందాక అంబాజీపేటలో కొబ్బరికాయల షావుకారు వాట్సాప్‌లో ధర చూసి బేరం తెంపేశాడు. నాకు నెట్ ఆగిపోయిన 2022 మే గుర్తొచ్చింది. మా జిల్లాకి అంబేద్కర్ గారి పేరు వద్దంటూ 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఎంత సిగ్గుచేటు! జనాన్ని పోగేసినవాటిలో వాట్సాప్ గ్రూపులూ ఉన్నాయి. సర్కారు నెట్ ఆపేసింది, రోజుల తరబడి. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు అవతలి ఒడ్డు సిగ్నల్ కోసం ఏటిగట్లకి పరుగెత్తారు. మా మేనల్లుడూ అంతే. నెత్తిన తువ్వాలు, ఒళ్లో లాప్‌టాప్. తెరమీద ఎండ పడకుండా వాళ్లమ్మ గొడుగు పట్టింది. మీటింగ్ అయ్యేదాకా చెయ్యి దించలేదు.