డ్యూటీ లేని చోటు

సికింద్రాబాద్‌లో ఎగుమతి కాగితాలు చూసే ఒక ఆఫీసులో చేరిన రెండో వారం. బిల్లులో రేవు పేరు టైప్ చేస్తూ ఆగిపోయాను. జెబెల్ అలీ. ఆ పేరు నాకు చదవడం రాకముందే తెలుసు. "మీ బాపు యాడున్నడే?" అని ఎవరడిగినా "జెబలల్లి" అనేదాన్ని.

మాది జగిత్యాల దగ్గర ఊరు. బాపు 1998లో పోయి 2010లో తిరిగొచ్చాడు. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. అంటే పన్నెండేళ్లలో పది నెలలు ఇంట్లో ఉన్నాడు. ఈ లెక్క కూడా ఉద్యోగంలో చేరాకే వేశాను.

ఫ్రీ జోన్ ఎట్లా పనిచేస్తుందో మా సీనియర్ సార్ ఒక మధ్యాహ్నం ఓపిగ్గా చెప్పారు. షేక్ రషీద్ హయాంలో దుబాయ్‌కి దూరంగా ఎడారి ఒడ్డును తవ్వి కట్టిన రేవు 1979లో మొదలైంది. దాని పక్కనే 1985లో ఫ్రీ జోన్ పెట్టారు. బయట కంపెనీ పెట్టాలంటే అప్పట్లో సగానికి పైగా వాటా స్థానికుడికి ఇవ్వాలి. జోన్‌లో మొత్తం నీదే, లాభం కూడా మొత్తం ఇంటికి పంపుకోవచ్చు.

అసలు కిటుకు మాత్రం కంచెలో ఉంది. నేల ఆ దేశానిదే. కానీ సుంకం లెక్కలో, కంచె లోపలున్న సరుకు ఇంకా ఆ దేశంలోకి రానట్టే.

లక్ష డాలర్ల టైర్లు చైనా నుంచి వచ్చాయనుకుందాం. మామూలుగా అయితే 5 శాతం సుంకం, 5,000 డాలర్లు కట్టాలి. జోన్‌లో దింపితే అప్పటికి ఏమీ కట్టక్కర్లేదు. సగం తూర్పు ఆఫ్రికాకి, పావు ఇరాక్‌కి, పావు దుబాయ్ బజారుకి అమ్ముడుపోతే, గేటు దాటి బజారుకి వెళ్లిన పావు వంతుకే సుంకం. 1,250 డాలర్లు. అంతకన్నా పెద్ద లాభం ఇంకోటుంది. ఎవరికి అమ్మాలో ముందే తేల్చుకోనక్కర్లేదు, మంచి బేరం తగిలేదాకా ఆగొచ్చు. కంటైనర్ నిండా కొనే స్తోమత లేని మొంబాసా దుకాణదారు యాభై టైర్లే తీసుకోవచ్చు. ఆసియా నుంచి యూరప్ పోయే ఓడలదారి వదిలి హోర్ముజ్ జలసంధి గుండా లోపలికి తిరిగినా ఓడలకి గిట్టుబాటవుతుందంటే, ఇన్ని దేశాల సరుకు ఒక్కచోట చేరడం వల్లే.

నాకు భలే నచ్చింది. బతుకమ్మకి ఊరికెళ్లినప్పుడు బాపుకే పాఠం చెప్పబోయాను.

"బాపూ, మీ దగ్గర డ్యూటీ ఉండదట గదా."

"డ్యూటీ లేకపోవుడేంది బిడ్డా? పన్నెండు గంటల డ్యూటీ. శుక్కురారం గూడ పిలిచేటోళ్లు."

అమ్మ కూడా నవ్వింది. నవ్వు ఆగాక బాపు చెప్పుకుంటూ పోయాడు. నేను ఎప్పుడూ అడగని సంగతులు. కంటైనర్ తలుపు తీస్తే లోపలి వేడి మొహానికి కొట్టేదట. ఒక్కొక్కటీ దింపాలి, లెక్క పెట్టాలి, దేశానికో కుప్ప వెయ్యాలి, కొత్త లేబుల్ అంటించాలి. "గీ కుప్ప ఇరాక్, గా కుప్ప ఆఫ్రికా. నా చేతిలకెళ్లి ఒక్క డబ్బ తప్పిపోలే." ఆ మాట గర్వంగానే అన్నాడు.

నానమ్మ 2005లో పోయింది. బాపు వచ్చింది 2006లో. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉండేది. బదులు మనిషి లేడని సెలవివ్వలేదు. తలకొరివి చిన్నాయిన పెట్టాడు. ఆ రోజు ఏం చేశావని అడిగాను.

"ఏం జేస్త? మూడు కంటైనర్లు ఖాళీ జేసినం. అండ్ల సరుకు సగం రాత్రికే ఓడెక్కింది."

ఆ జోన్ చెడ్డదని నేను అనలేను. మా బోరు ఎండిపోయిన ఏడాదే బాపు వెళ్లాడు. ఇంటి స్లాబు, అక్క పెళ్లి, కరీంనగర్‌లో నా బీకాం, అన్నీ అక్కడి జీతంతోనే. సార్ చెప్పిన లాభాలేవీ అబద్ధం కాదు. సరుకు ఎన్నాళ్లు ఆగినా సుంకం పడకుండా ఏర్పాటు చేశారు, అది తెలివైన పని. మనిషిని ఆపితే పడే ఖర్చు మాత్రం ఏ కాగితం మీదా లేదు. దాన్ని మా అమ్మ కట్టింది, నానమ్మ కట్టింది. మన తీరంలో కూడా ఒక జెబెల్ అలీ రావాలని ఆఫీసులో ఎవరైనా అంటే నేనూ తలూపుతాను. తర్వాత ఒక మాట అడగాలనిపిస్తుంది. కంటైనర్ తలుపు తీసేవాడి పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది?

బస్సెక్కించడానికి వచ్చినప్పుడు బాపు అడిగాడు, "ఇప్పుడు ఆ గోడౌన్ల మనోళ్లు ఎవలన్న ఉన్నరా? నీ కాగితాలల్ల తెలుస్తదా?"

నా కాగితాల్లో పంపేవాడి పేరుంటుంది, అందుకునేవాడి పేరుంటుంది, ఓడ పేరుంటుంది, డబ్బాల లెక్క, బరువు ఉంటాయి.

"చూస్త బాపూ" అన్నాను.